కత్తెర పట్టిన చెయ్యి

ఆ టైలరు షాపులో తిట్లన్నీ ఒక్క మనిషి వీపు మీదే పడేవి. ఆ వీపు కాజాలమ్మ మొగుడిది. తిట్టేది ఆయన సొంత అన్న, షాపుకు కటింగు మాస్టరు. దారం తెగితే తిట్టు, కరెంటు పోతే తిట్టు, కస్టమరు ఆలస్యంగా వస్తే తిట్టు, తొందరగా వస్తే ఇంకో తిట్టు. మిషనుకు నోరుంటే ఎప్పుడో తిరగబడి ఉండేది. ఆయన మాత్రం తల వంచుకుని, పాదం ఆడిస్తూ కుట్టుకుంటూ పోయేవాడు. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా జాలిపడేది. ఆ జాలి చూస్తే కాజాలమ్మకు ఒళ్లు మండేది.

కాజాలమ్మ అంటే ఆయన భార్యే. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, అంచులు మడవడం ఆమె పని కాబట్టి వచ్చేపోయే వాళ్లు అలాగే పిలిచేవారు. మాస్టరు మాత్రం ‘సుద్దముక్క’ అనేవాడు. ముద్దుపేరు కాదది. ఎందుకొచ్చిందో ముందుముందు మీకే తెలుస్తుంది.

షాపు ఒకటే పొడుగాటి గది. వీధి వైపు, వెలుతురు పడేచోట కటింగు బల్ల. అది మాస్టరుది, దాని మీద ఈగ వాలాలన్నా ఆయన సరేననాలి. లోపలి గోడకు మొహం పెట్టి భర్త మిషను. రెంటికీ మధ్యలో కాజాలమ్మ ముక్కాలిపీట. తలెత్తితే బావగారి మొహం, తల తిప్పితే భర్త వీపు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆమెకు కనబడ్డ లోకం ఇదే. షాపు వెనక రెండు గదుల్లో వీళ్ల కాపురం, మేడ మీద మాస్టరు కాపురం. పైన దగ్గితే కింద వినబడుతుంది, కింద గొణిగితే పైన వినబడుతుంది. అందుకని కింద గొణగడం కూడా మానేశారు.

ఈ మధ్య కోట్లు తిరిగిరావడం మొదలైంది. చంక దగ్గర ముడత. లేదా ఎడమ పక్క సరిగ్గా కూర్చుని కుడి పక్క లాగేయడం. తిరిగొచ్చిన ప్రతి కోటునూ మాస్టరు కస్టమరు ఎదుటే తమ్ముడి మీదికి విసిరేవాడు.

“కత్తిరించి నీ చేతిలో పెడుతున్నాను కదరా! దాన్ని తిన్నగా కుట్టి చావడానికి కూడా నీకు చేతకాదా? ఇంకొక్క కోటు తిరిగొచ్చిందంటే ఈ మిషను మీంచి లేపేస్తాను. బడిపిల్లల నిక్కర్లు కుట్టుకుని బతుకు.”

కోటు కుట్టేవాడికి ఆ మాట చెప్పుదెబ్బ లాంటిది. నిక్కరు ఎవరైనా కుడతారు. కోటుకు భుజం నిలబెట్టి, కాలరు మెడకు అంటుకునేలా తిప్పడం చేతిలోకి రావడానికి సగం జీవితం పడుతుంది. ఆయన మాత్రం “సరే అన్నయ్యా” అని విసిరిన కోటును దులిపి, మడత విప్పి, కుట్టు ఊడదీయడం మొదలుపెట్టేవాడు.

ఆ ‘సరే అన్నయ్యా’ విన్నప్పుడల్లా కాజాలమ్మ సూది గుచ్చాల్సిన చోట గుచ్చకుండా వేలిలో గుచ్చుకునేది. ఆయన తరఫున ఎవరో ఒకరు ఒక్క మాట అనాలి. అనడానికి ఆమెకు హక్కు లేదు. అన్నదమ్ముల మధ్య నోరు విప్పితే మేడ మీద నుంచి తోడికోడలు ఒంటికాలి మీద దిగివస్తుంది. నోటితో అనలేనిది చేత్తో అనాలని ఆమెకు తట్టింది.

ఆమెకు బొమ్మల పిచ్చి ఉంది. చిన్నప్పటి నుంచీ క్యాలెండరు చూసి హంస, బిస్కెట్టు పొట్లం చూసి గులాబీ, సబ్బు కాగితం చూసి చారెడేసి కళ్ల అమ్మాయి. చూసి గీసేది, చూసినదానికంటే కొంచెం వంకరగా వచ్చేది, అయినా గోడకు అంటించుకునేది. ఇప్పుడు ఆ హంసలన్నీ పీకి పారేసింది. పాత కొలతల బ్రౌను కాగితాలు షాపులో కుప్పలుగా ఉంటాయి. బట్ట మీద గీతలు పెట్టే సుద్దముక్కలు బల్ల మీదే ఉంటాయి. ఒక ముక్క కొంగున ముడివేసుకొచ్చి, వెనక గదిలో కూర్చుని, బావగారి బొమ్మ గీసింది. కసి తీరా గీసింది. కోరలు పెట్టింది. ముక్కును గుమ్మడికాయంత చేసింది. గుడ్లురిమి చూస్తున్నట్టు కళ్లు పెట్టింది. నెత్తిన రెండు కొమ్ములు కూడా పెట్టి, చూసుకుని మురిసిపోయి, తీసుకెళ్లి భర్తకు చూపించింది.

ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“ఎవరిదీ?” అన్నాడు.

వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆమె గాలి తీసేసిన బంతిలా అయిపోయింది. తిట్టు తగలాలంటే తిట్టేది ఎవర్నో ముందు తెలియాలి కదా. కొమ్ములూ కోరలూ ఎవరికైనా పెట్టొచ్చు. ఆ బొమ్మను వీధిలో అంటించినా, ఎవడో రాక్షసుడనుకుని జనం పోతారు. మాస్టరు కూడా చూసి నవ్వుకుంటాడు.

“మీ అన్నయ్య అండీ!” అంది పళ్లు కొరుకుతూ.

“అన్నయ్యా? అన్నయ్య ఇలా ఉండడే,” అని కాగితం తిరిగిచ్చి మళ్లీ మిషను తొక్కాడు.

ఆ రోజు నుంచి ఆమె బావగారిని చూడటం మొదలుపెట్టింది. అంతకు ముందు చూడలేదా అంటే, ద్వేషించే మనిషిని ఎవరు మాత్రం సరిగ్గా చూస్తారు? గొంతు వినబడగానే మొహం తిప్పుకుంటాం. ఇప్పుడు తిప్పుకోవడం మానేసింది. కాజా కుడుతూ కళ్లెత్తి చూసేది, చూసింది మనసులో పెట్టుకుని వెనక గదిలోకి పోయి గీసేది. పోలిక ముక్కులో లేదని తెలుసుకోవడానికే చాలా కాగితాలు పాడయ్యాయి. పోలిక మెడలో ఉంది. తలుపు అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటుంటే వింటున్నవాడిలా ఆయన మెడ ఎప్పుడూ ముందుకు సాగి ఉంటుంది. గుండుసూదులు పెదవుల ఎడమ మూలనే పట్టుకుంటాడు. ఏదైనా కొలత తేలనప్పుడు కుడిపాదంతో ఎడమ పిక్కను గోక్కుంటాడు. ఇవి ఒక్కొక్కటీ దొరికినప్పుడల్లా శత్రువు ఇంట్లో ఒక కిటికీ తెరుచుకున్నంత సంబరపడేది.

ఒక్కరినే గీస్తే చెయ్యి తిరగదని మిగతావీ గీసింది. ఇస్త్రీపెట్టె, బాబిన్ల డబ్బా, కొక్కేనికి వేలాడుతున్న చేతుల్లేని కోటు. కొలతలకు నిలబడే కస్టమర్లంటే ఆమెకు మహా సరదా. నడుముకు టేపు తగలగానే ప్రతి మగాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు, గడ్డం పైకెత్తి ఎక్కడో దూరంగా చూస్తాడు. టేపు తీయగానే పొట్ట ధబ్బున కిందికొచ్చేస్తుంది. ఆ పొట్ట దిగే క్షణాన్ని పట్టుకోవడానికి ఆమె నానా తిప్పలూ పడింది. మొదట్లో మనిషి చుట్టూ గీత గీసేది, నమూనా కాగితం కత్తిరించినట్టు. గీత లోపల మనిషి ఉండేవాడు కాదు. తర్వాత ఒకరోజు గమనించింది: వెలుతురు పడే భుజానికి అంచు అనేదే లేదు. సుద్దముక్కను పడుకోబెట్టి, వెలుతురున్న చోట రుద్ది, మిగతాది వదిలేసింది. బ్రౌను కాగితమే నీడైపోయింది. లేచి నిలబడి చూస్తే, బల్ల మీద వంగిన మనిషి అక్కడున్నాడు.

సుద్దముక్కలు తగ్గిపోతున్నాయని మాస్టరు పసిగట్టేశాడు. ఒకరోజు పీట వెనక చుట్టగా పెట్టిన కాగితాలు లాగి చూశాడు. అందులో ఆయన బొమ్మలు కూడా ఉన్నాయి. పోలిక ఇంకా పూర్తిగా రాని రోజులవి. ఎవర్ని గీసిందో ఆయనకు తెలిసిందో లేదో గానీ, కస్టమర్ల ముందు ఒకటి ఎత్తి పట్టుకుని నవ్వాడు.

“ఇదిగో, మా సుద్దముక్క గారి కళ! ఇది చెయ్యా, అరటిపళ్ల గెలా? చెయ్యి గీయడం రాదు గానీ సుద్ద మాత్రం దొంగతనంగా తినేస్తోంది. మొగుడు కుట్టు చెడగొడతాడు, పెళ్లాం కాగితం చెడగొడుతుంది. బాగా కుదిరారు ఇద్దరూ!”

బొమ్మను నాలుగు ముక్కలు చేసి ఇస్త్రీపెట్టె పక్కన పడేశాడు. ఆమె మొహం మాడిపోయింది. అయితే ఆ మాడిన మొహంతోనే ఆ ముక్కలు ఏరి చూసుకుంది. అరటిపళ్ల గెలే. కోపం రెట్టింపయింది, ఎందుకంటే ఆయన అన్నది నిజం.

ఇక చేతుల మీద పడింది. ప్రత్యేకించి ఆయన కుడిచెయ్యి, కత్తెర పట్టిన చెయ్యి. కటింగు కత్తెర చిన్నదేమీ కాదు, మోచేయంత ఉంటుంది, చంటిపిల్లంత బరువుంటుంది. అది బట్టలోకి దిగేటప్పుడు వేళ్లు ఎక్కడుంటాయి, మణికట్టు ఎంత వంగుతుంది, నరం ఎక్కడ తేలుతుంది, అన్నీ చూసింది. నిన్న చూసింది ఇవాళ నమ్మేది కాదు. మళ్లీ చూసి మళ్లీ గీసేది. ఒకసారి గీసిన చెయ్యి ఇంకోసారి సరిపోయేది కాదు. తనకు ఇంకా చేతకావడం లేదనుకుని సరిదిద్దుకునేది. అప్పుడప్పుడు షాపులో వాడే మైనపు సుద్దతో గీసేది. దళసరి ఉన్ని బట్టల మీద గుర్తులు పెట్టే సుద్ద అది. వేడి తగిలితే కరిగి ఉన్నిలోంచి మాయమైపోతుంది. గీత మెత్తగా, గట్టిగా పడేది. ఆ సుద్దతో గీసిన చెయ్యి ఒకటి చివరికి కుదిరింది. మెడ, పెదవుల్లో గుండుసూదులు, బల్ల మీదికి ఒరిగిన నడుము, కత్తెర పట్టిన చెయ్యి. చుట్టి పీట వెనక పెట్టుకుంది. అవకాశం చూసి షాపు తలుపుకే అంటించాలని ఆమె ఆలోచన. వచ్చేపోయే వాళ్లందరూ ఈ మనిషి ఎలాంటివాడో చూడాలి.

ఆ అవకాశం దానంతటదే వచ్చింది, ఆమె అనుకున్న దారిలో కాదు.

కాలేజీ లెక్చరరు ఒకాయన పదవీ విరమణ సభలో వేసుకోవడానికి మీగడరంగు కోటు కుట్టించుకున్నాడు. లోపల నున్నటి తెల్ల లైనింగు. చంక పట్టేస్తోందని ఒకసారి తిరిగిచ్చి, సరిచేసింది తీసుకోవడానికి వచ్చి వీధిలో నిలబడి ఉన్నాడు. తిరిగిరాకూడని కోటు ఇదే. ఇది కుదరకపోతే భర్త కోట్ల మిషను మీంచి లేవాల్సిందే. అది ఆ ఉదయమే మాస్టరు ఇంకోసారి చెప్పాడు. ఇస్త్రీ ఎవరికీ అప్పజెప్పకుండా తానే చేస్తున్నాడు. లేత రంగు బట్టకు బల్ల మురికి అంటకుండా కింద కాగితం వేస్తారు.

“కాగితం!” అని అరిచాడు.

కాజాలమ్మ వెనక్కి చెయ్యి పెట్టి చేతికందిన కాగితం లాగి బల్ల మీద పరిచింది. ఏ కాగితమో చూసుకోలేదు, ఏ వైపు పైకుందో చూసుకోలేదు. మాస్టరు దాని మీద కోటు విప్పి పరిచి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె అదిమి పట్టాడు. ఆవిరి లేచింది.

లెక్చరరు కోటు తొడుక్కుని చేతులు ముందుకు చాచాడు. చంక దగ్గర ముడత అలాగే ఉంది.

“మళ్లీ అదే కదండీ,” అన్నాడు.

మాస్టరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కోటును ఆయన ఒంటి మీంచి దాదాపు ఊడబెరికి, తమ్ముడి వైపు తిరిగి, కుట్టు చూపించడానికి లోపలి వైపు తిరగేశాడు. “చూడరా! చూడు! ఇది కుట్టా? ఇది—”

మాట అక్కడే ఆగిపోయింది. తెల్ల లైనింగు మీద, వీపు భాగం నిండా, నూనె మరకల గీతలతో ఒక మనిషి వంగి నిలబడి ఉన్నాడు. ఉన్నిలోంచి మాయమయ్యే మైనం సన్నటి లైనింగులో మాత్రం దిగిపోయి కూర్చుంది.

లెక్చరరు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. ఆయనకు కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది. “ఇది మీరే కదా మాస్టరుగారూ! ఆ మెడ, ఆ గుండుసూదులూ! ఎవరు గీశారండీ, అచ్చుగుద్దినట్టుందే!”

చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ క్షణంలో కాజాలమ్మకు కోటు గుర్తులేదు, మొగుడి మిషను గుర్తులేదు. పోలిక వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క చూపులో పోల్చాడు.

“నేనా?” అన్నాడు మాస్టరు. మొహం కందగడ్డయింది. “కళ్లు పెట్టి చూడండి. వీడు ఎడమచేత్తో కత్తిరిస్తున్నాడు. నేను ఎడమచేతివాణ్ణా? దీనికి కుడెడమలు కూడా తెలియవు. ఇక కత్తెర పట్టింది చూడండి. లోకంలో ఏ దర్జీ అయినా కత్తెర ఇలా పట్టుకుంటాడా? చెయ్యి గీయడం జన్మలో రాదు దీనికి. అరటిపళ్ల గెల!”

ఆమె అన్నీ ఓర్చుకునేది, ఆ ఒక్క మాట ఓర్చుకోలేకపోయింది. ఎన్ని కాగితాలు తగలేస్తే వచ్చిన చెయ్యి అది!

“అద్దంలో పడ్డట్టు తిరగబడి పడింది బావగారూ,” అంది లేచి నిలబడి. గొంతు తనదేనా అనిపించింది. “అసలు బొమ్మలో కుడిచెయ్యే ఉంది. ఇదిగో.” బల్ల మీది కాగితం ఎత్తి చూపించింది. “ఇక కత్తెరంటారా, మీరు పట్టుకున్నట్టే గీశాను. లేనిది ఒక్కటీ పెట్టలేదు. కావాలంటే పాతవి కూడా చూడండి. అప్పుడు బొటనవేలు కత్తెర కంతలోనే ఉండేది. అప్పుడు అలాగే గీశాను. ఇప్పుడు బయట పెట్టి అరచేత్తో నెడుతున్నారు, ఎడమచెయ్యి పైన వేసి అదుముతున్నారు. ఇప్పుడు ఇలాగే గీశాను.”

చుట్టలోంచి లాగి ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. పరుస్తూ పోతుంటే బొటనవేలు కంతలోంచి కొంచెం కొంచెం బయటికి జరుగుతూ వచ్చింది. కంతలో పూర్తిగా, కంత అంచున, కంత బయట. తనకు చేతకాక ప్రతిసారీ మారిపోతోందనుకున్న చెయ్యి అది. మారింది తన గీత కాదని, పరిచేటప్పుడు ఆమెకే అర్థమైంది. అర్థమయ్యేసరికి చివరి కాగితం కూడా పరిచేసింది.

లెక్చరరు బొమ్మలు చూశాడు, కోటు చంక చూశాడు, మాస్టరు చెయ్యి చూశాడు. చదువుకున్నవాడు కదా, లెక్క కట్టేశాడు. “అయితే తేడా కుట్టులో కాదన్నమాట,” అని, దాన్నొక సరదాగా భావించి, “ఏదీ, ఒక్కసారి కత్తిరించి చూపించండి మాస్టరుగారూ. బొమ్మ అబద్ధమని తేలిపోతుంది,” అన్నాడు.

మాస్టరు కత్తెర అందుకున్నాడు. అందుకోకపోతే ఒప్పుకున్నట్టే. బొటనవేలు కంతలో దూర్చాడు. వేలు వంగలేదు. పళ్ల బిగువున నొక్కాడు. కత్తెర చేతిలోంచి జారి బల్ల అంచుకు తగిలి నేల మీద పడింది. ఆ చప్పుడుకు వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు.

అప్పుడు మిషను ఆగింది. భర్త లేచొచ్చాడు. నేల మీది కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. మీగడరంగు కోటు తీసుకుని మడిచి చంకన పెట్టుకున్నాడు.

“కుట్టు నాదండీ. తప్పు నాదే,” అన్నాడు లెక్చరరుతో. “లైనింగు మార్చి, చంక విప్పి మళ్లీ కుట్టి ఇస్తాను. మా అన్నయ్య కటింగులో ఎప్పుడూ తప్పు రాదు.”

ఎవరూ నమ్మలేదు. మాస్టరు కూడా నమ్మించే ప్రయత్నం చేయలేదు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని మెట్లెక్కి మేడ మీదికి వెళ్లిపోయాడు. తిట్టకుండా ఆయన గది దాటడం కాజాలమ్మ ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం షాపు మూశాక వెనక గదిలో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన గ్లాసులోని టీ చల్లారిపోయింది. ఆమె ఆగలేకపోయింది.

“ఇంకా ఏంటండీ ఆ మౌనం? ఇన్నాళ్లూ ఆయన చేతి తప్పుకు మీరు తిట్లు తిన్నారు. ఇవాళ మీ తప్పు లేదని నలుగురి ముందు తేలింది. ఒక్క మాటైనా అనరా?”

“తేల్చమని నేను అడిగానా?” అన్నాడు.

ఆ గొంతులో ఆమె ఎప్పుడూ వినని గరుకుదనం ఉంది.

“ఆ వేలు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదనుకున్నావా? పట్టు తప్పితే మడత పెట్టిన బట్టలో కింద పొర జారుతుంది. రెండు పక్కలూ ఒకేలా తెగవు. పొద్దున్నే లేచి, అన్నయ్య దిగకముందే సరిచేసి కత్తిరించుకునేవాణ్ణి. కుదరనివి లాగి సర్ది కుట్టేవాణ్ణి. అలా కూడా కుదరనివే తిరిగొచ్చాయి. తిరిగిరాకుండా ఎన్ని వెళ్లిపోయాయో నువ్వు చూశావా?”

“మరి ఆ తిట్లు?”

“తిట్టనీ. ఆ తిట్లలో తన భయం దాచుకున్నాడు. నాకు తెలుసని తనకు తెలుసు. తను తిట్టాడు, నేను తిట్టించుకున్నాను. షాపు నడిచింది. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆ చెయ్యే. నిక్కర్లు కుట్టుకోమంటే నిక్కర్లే కుట్టేవాణ్ణి. మధ్యలో నువ్వొచ్చి నీ బొమ్మ గొప్పదనిపించుకోవడానికి ఆ చేతిని వీధిలో పెట్టావు.”

“నాకెందుకు చెప్పలేదు?” ఆమె కూడా గొంతు పెంచింది. “తిట్టించుకుంది మీరొక్కరేనా? ప్రతి తిట్టూ నా చెవుల్లో కూడా పడింది. మీ వీపు మీద పడ్డది నా గుండెల్లో గుచ్చుకుంది. నేనేమైనా రాయినా?”

“నువ్వెప్పుడు అడిగావు? నీకెప్పుడూ ఆయన మొహమే కావాల్సొచ్చింది.” గ్లాసు తీసి పక్కన పెట్టాడు. “ఒక్కసారి ఇటు తిరిగి చూసి ఉంటే, తెలిసేది.”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ వీపే.

మర్నాడు పొద్దున మాస్టరు దిగలేదు. తోడికోడలు దిగింది. పెద్ద కత్తెరను గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద ధడేల్న పెట్టింది.

“మీ బావగారు ఇమ్మన్నారు. ఇక కటింగు నీ మొగుడే చేసుకోవాలట. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి అందరూ ఆయన వేలు ఎలా ఉందని నన్నడుగుతున్నారు. బొమ్మ బాగా వచ్చిందటగా. అంటించుకో తల్లీ, తలుపుకు అంటించుకో. ఆయన తలుపు తీసుకుని బయటికి రావడం ఎలాగూ లేదు.”

ఒక్క మాటకైనా బదులివ్వాలనుకుంది కాజాలమ్మ. అప్పటికే ఆవిడ వెనుదిరిగింది. తోడికోడలు మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టూ చప్పుడు చేసింది.

భర్త గుడ్డ విప్పి కత్తెర తీశాడు. కంత అన్న బొటనవేలికి అరిగి ఉంది. ఆయన వేలికి వదులు. మీగడరంగు కోటుకు కొత్త లైనింగు పరిచి, గీతలు పెట్టుకుని, బల్ల దగ్గర నిలబడ్డాడు. వీధి వెలుతురు ఆయన మొహం మీద పడింది. ముక్కాలిపీట మీద కూర్చున్న కాజాలమ్మ తలెత్తితే ఇప్పుడు కనిపించేది ఆ మొహమే. మిషను దగ్గర గోడ ఖాళీగా ఉంది.

అలవాటైన చెయ్యి ఊరుకోదు. కొంగు ముడిలోంచి సుద్ద తీసింది.

“నన్ను గీయకు,” అన్నాడాయన తలెత్తకుండానే.

సుద్ద ముడిలో పెట్టేసుకుంది. మధ్యాహ్నం వెనక గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, కాగితం పరుచుకుంది. ఎదురుగా లేకపోతేనేం, ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి. బావగారిని కళ్లు మూసుకుని గీయగలదు. మెడలో ఎన్ని మడతలో, సూదులు ఏ మూలో, ఏ కాలు ఏ కాలిని గోకుతుందో, అన్నీ చేతికొచ్చు. మొగుడి మొహం మొదలుపెట్టింది. పాపిట ఏ పక్కో గుర్తురాలేదు. కనుబొమలు కలుస్తాయా, కలవవా? నవ్వితే ఏ చెంప ముందు కదులుతుంది? అసలు నవ్వగా చూసి ఎంతకాలమైంది? భుజాలు వచ్చాయి, వీపు వంపు ఎంత బాగా వచ్చిందో, బనీను కింద తేలిన ఎముకలతో సహా వచ్చింది. ఆ భుజాల మీద మాత్రం ఎవరిదో మొహం కూర్చుంది. చెరిపి గీసింది. మళ్లీ ఇంకెవరిదో వచ్చింది. చెరిపిన చోట కాగితం మసకబారి, చిరిగేటట్టయింది.

మంచినీళ్లకు లోపలికొచ్చిన భర్త ఆమె వెనక నిలబడి చూశాడు. అప్పటికి కోపం కొంచెం చల్లబడిందేమో, లేదా అలవాటు కొద్దీ అడిగాడేమో.

“ఎవరిదీ?” అన్నాడు.

ఆయన నిజంగానే తెలియక అడిగాడు. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, జవాబు కోసం ఆగకుండా బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

కాసేపటికి కాజాలమ్మ ఖాళీ చేతులతో షాపులోకి వచ్చింది. పీటను బల్లకు ఎదురుగా జరుపుకుని కూర్చుని, కాజాల పని చేతిలోకి తీసుకోకుండా, ఆయన మొహం కేసి చూడటం మొదలుపెట్టింది.

“వెలుతురుకు అడ్డం,” అన్నాడాయన.

పీటను కొంచెం పక్కకు జరుపుకుంది గానీ లేవలేదు.